రిమోట్ బావ

ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ ఇప్పుడు బజారుకొక రిమోట్ బావ ఉన్నాడు. 2020లో కరోనాకు జడిసి బెంగళూరు నుంచి బ్యాగు సర్దుకొచ్చిన ఐటీ సపోర్టు మనిషి. కరోనా పోయింది గానీ ఈయన పోలేదు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద రౌటరూ ల్యాప్‌టాపూ మాత్రమే నడవాలి. ఫ్యాను స్విచ్చి మీద చెయ్యేస్తే కన్నతల్లయినా సరే ఊరుకోడు. పక్కవీధిలో చుట్టాలింటికి ఓసారి వచ్చిపొమ్మంటే "లింకు పంపిస్తాలే" అంటాడు.

"మనందరికీ పనికొచ్చే రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరు ఒకటి తేల్చి చెప్పు" అని కంపెనీ అప్పజెప్పాక బావకు హోదా పెరిగింది. గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి కోటకు కృష్ణదేవరాయలవారు దాదాపు ఏడాదిన్నర ముట్టడి వేస్తే 1514లో దక్కింది. బావ ముట్టడి ఆ గడువు ఎప్పుడో దాటేసింది.

టీమ్‌వ్యూయర్ అంటే "మంచిదే, లైసెన్సు రేటు చూశావా?" అంటాడు. ఎనీడెస్క్ అంటే "తేలికే, మన నెట్టుకు కూడా పరిగెత్తుద్ది. కానీ వాళ్ళ సర్వర్లలోకే దొంగలు దూరారని 2024 మొదట్లో బయటపడింది" అంటాడు. అదే ఏడాది జూన్‌లో టీమ్‌వ్యూయర్ వాళ్ళ ఆఫీసు నెట్‌వర్కులోకీ దూరారు గదా అని గుర్తుచేస్తే మొహం వెలిగిపోద్ది, రెండూ ఒకే దెబ్బతో కొట్టేయొచ్చని. గెప్పింగెన్, స్టట్‌గార్ట్ అని ఆ కంపెనీల ఊళ్ళు జర్మనీలో మన ఆత్మకూరూ ఉదయగిరీ మాదిరే దగ్గర దగ్గరంట. అందుకే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటిందని ఆయన సిద్ధాంతం. రస్ట్‌డెస్క్ అయితే సర్వరు మనమే పెట్టుకోవచ్చు. "పెట్టుకోవచ్చు. అర్ధరాత్రి పడిపోతే లేచేదెవరు, నేనేగా?" విండోస్‌లో ఉన్న ఆర్‌డీపీయే చాలదా అన్నామో, 3389 పోర్టును ఇంటర్నెట్టుకు వదిలేస్తే రాన్సమ్‌వేర్ వాళ్ళు ఎట్టా వచ్చి కూర్చుంటారో గంటసేపు క్లాసు. ఆ క్లాసులో మాత్రం తప్పు పట్టడానికేం లేదు. ఉద్యోగం మానేసినోడి యాక్సెస్ ఆ సాయంత్రానికే పీకేయగలమా, ఎవరు ఎప్పుడు ఏ మిషన్‌లోకి దూరారో రికార్డు ఉంటుందా అని ఆయన అడిగేవన్నీ అడగాల్సినవే. అడగడం ఆపడు, అదొక్కటే జబ్బు.

ఆయన అసలు ప్రయోగశాల ఆత్మకూరులో మేనత్తగారి ఎరువుల కొట్టు.

"అత్తా, తెరమీద నంబరుంది, ఒక్కో అంకే చదువు."

"ఉండబ్బయా, కళ్ళద్దాలు యాడ పెట్టానో... ఆఁ, నలభై మూడు, ఎనభై..."

"ఒక్కో అంకే అత్తా! ఇప్పుడు కింద పాస్‌వర్డు చెప్పు."

ఆమె తెరమీది కిటికీ మూసి మళ్ళీ తెరిచేది. పాస్‌వర్డు మారిపొయ్యేది. "నేనేం మార్చలా నాయనా, దాని జోలికే పోలా" అనేది. ఎట్టకేలకు బావ లోపలికి దిగితే, యూరియాకొచ్చిన రైతులు బస్తాల సంగతి వదిలేసి దానంతటదే తిరిగే బాణాన్ని చూస్తూ నిలబడిపోయేవాళ్ళు.

ఎనీడెస్క్ పెట్టించి ఖాతాలు ఊడ్చే మోసాల మీద రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. ఆ సంగతి చెప్పి, "ఎవరడిగినా అంకెలు చెప్పొద్దు" అని అత్తకు నూరిపోసింది బావే. మొన్న ఆఫీసు నంబరు నుంచి ఆయనే ఫోన్ చేశాడు.

"చెప్పను. మా అబ్బయ్య ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"ఆ అబ్బయ్యను నేనే అత్తా!"

"వాళ్ళూ అట్టాగే అంటారంట."

చేసేది లేక బావ ఆత్మకూరు బస్సెక్కాడు. దారిలోనే తన ఎక్సెల్ షీటులో కొత్త కాలమ్ పెట్టాడు: 'అత్త ఒప్పుకుంటుందా?' దాని కింద ఇంతవరకు ఏ సాఫ్ట్‌వేరుకూ టిక్కు పడలేదు. అదేందో అర్థంగాక మేనేజరు తీసెయ్యమన్నాడంట. అదే అన్నిటికంటే ముఖ్యమని చెప్పి బావ ఇంకో నెల గడువడిగాడు.