రెయిన్‌కోటు

వానాకాలం వచ్చిందంటే విజయవాడ ఆటోనగర్‌లోని మా బాబాయి షెడ్డుకి లారీలన్నీ దాదాపు ఒకే జబ్బుతో వస్తాయి. పికప్ లేదంటారు, నల్లపొగ కక్కుతోందంటారు, నడుస్తూ నడుస్తూ ఆగిపోయిందంటారు. బాబాయి వెంటనే స్పానరు పట్టడు. ఎయిర్ క్లీనర్ డబ్బా అడుగున వేలాడే రబ్బరు మూతిని రెండు వేళ్లతో నొక్కుతాడు. పొడిదుమ్ము రాలితే ఫరవాలేదు.

ఆ రోజు నీళ్లు కారాయి.

తాడేపల్లిగూడెం నుంచి కాకినాడ పోర్టుకి బియ్యం తోలే పాత లారీ అది. క్యాబిన్ వెనక నిలువుగా ఉండే గాలి గొట్టం మూత ఏ చెట్టుకొమ్మో తగిలి ఎగిరిపోయింది. ఆ గొట్టాన్ని ఎయిర్ క్లీనర్‌తో కలిపే రబ్బరు బెల్లో కూడా పగుళ్లిచ్చింది. డబ్బా విప్పితే లోపల పేపర్ ఫిల్టరు నాని ఉబ్బిపోయి ఉంది.

ఓనరుగారు పరుగున వచ్చారు. "ఇంజను పోయినట్టేనా మేస్త్రీ?"

"మీ అదృష్టం బాగుందండీ, ఫిల్టరు దగ్గరే ఆగింది. సిలిండర్‌లోకి దిగుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోయేది. డీజిల్ ఇంజన్లో పదహారు పదిహేడు వంతుల గాలి ఒక్క వంతులోకి నలుగుద్ది. నీళ్లు నలగవు కదండీ! పిస్టను పైకి రాలేక ఆగిపోద్ది, కింద క్రాంక్ ఆగదు. మధ్యలో బలయ్యేది రాడ్డే."

ఈ సంగతి ప్రతి డ్రైవరుకీ తెలిసుండాలి. వానలో బండి ఆగిపోయి, నీళ్లు దిగాయని ఏమాత్రం అనుమానమున్నా సెల్ఫ్ కొట్టకూడదు. ఇంజెక్టర్లు విప్పి, ఇంజన్ని చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాలి. ఇంకోసారి చూద్దామని కొట్టిన ఆ ఒక్క సెల్ఫ్‌తో బ్లాకులు పగిలిన బండ్లున్నాయి.

డ్రైవరు పక్కనే నిలబడి ఉన్నాడు. వంటిమీద రెయిన్‌కోటు. బండి దిగినా తీయలేదేమిటా అనుకున్నాను. క్యాబిన్‌లోకి తొంగిచూస్తే అర్థమైంది. టాపు అతుకు విడిపోయి, సరిగ్గా డ్రైవరు సీటు మీదే బొట్లు బొట్లుగా కారుతోంది. లోపల కూర్చున్నా అతనికి రెయిన్‌కోటు తప్పదు.

"సార్, బండి ఎలాగూ షెడ్లో ఉంది. ఆ టాపు కూడా చూపిద్దాం. కొత్త లారీలకి ఏసీ క్యాబిన్ ఉండాల్సిందేనని రూలొచ్చిందంట. మాకు ఏసీ వద్దు సార్, కారకుండా ఉంటే చాలు." కొత్తగా తయారయ్యే లారీలకి కేంద్రం పెట్టిన, 2025లో అమల్లోకి వచ్చిన నిబంధన అది. పాత బండ్లకి వర్తించదు.

"ముందు ఇంజను సంగతి చూడనీవయ్యా. మనిషి తడిస్తే ఆరతాడు, ఇంజను తడిస్తే లక్షలు," అన్నారు ఓనరుగారు.

కొత్త ఫిల్టరు దొరికింది. ఆ మోడలు బెల్లో, మూత మాత్రం ఊళ్లో దొరకలేదు. లోడు ఆ రాత్రే కదలాలి. పైన మబ్బు కమ్ముకొస్తోంది. డ్రైవరు కాసేపు గొట్టం వంక చూసి, రెయిన్‌కోటు విప్పి పైకెక్కాడు. కోటు టోపీని గొట్టం మూతి మీదికి లాగాడు.

"పూర్తిగా మూయకురోయ్, ఇంజనుకి ఊపిరాడదు!" అని కింద నుంచి అరిచాడు బాబాయి.

డ్రైవరు బైండింగు వైరుని చుట్టలా వంచి టోపీ కింద పెట్టాడు. వాన పడకుండా, కింద నుంచి గాలి ఆడేట్టు సరిచేశాడు. కోటు చేతులు రెండూ బెల్లో చుట్టూ బిగించి ముడేశాడు. దూరం నుంచి చూస్తే క్యాబిన్ వెనక ఎవరో మనిషి నిలబడ్డట్టే ఉంది.

పోర్టులో లోడు దింపి లారీ తిరిగొచ్చింది. దారి పొడవునా వానేనట. బాబాయి రబ్బరు మూతి నొక్కితే పొడిదుమ్ము రాలింది. డ్రైవరు చొక్కా ఇంకా ఒంటికి అంటుకునే ఉంది. కళ్లు ఎర్రబడి, మాట మాటకీ దగ్గుతున్నాడు.

ఓనరుగారు బండి చుట్టూ తిరిగి చూసి అతని భుజం తట్టారు. "భలే పనిమంతుడివయ్యా!" అంటూ జేబులోంచి నోట్లు తీసి చేతిలో పెట్టారు. "ఎదురు కొట్లో ఇంకో రెండు రెయిన్‌కోట్లు పట్రా. నాసిరకం వద్దు, మందంగా ఉండాలి."

డ్రైవరు ముఖం వెలిగిపోయింది. క్లీనరు కుర్రాణ్ణి పిలిచి, భుజమ్మీద చెయ్యేసి తీసుకెళ్లాడు. ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. ఒకటి కుర్రాడి చేతికిచ్చి, రెండోది విప్పి తను చెయ్యి దూర్చాడు.

"అరెరె, నువ్వు తొడుక్కుంటావేంటయ్యా, కుట్లు ఊడిపోతాయి! అవి మన మిగతా రెండు లారీలకి."

సాయంత్రానికి రెండు కోట్లూ ఆ రెండు గొట్టాలకీ ఎక్కాయి. క్యాబిన్ టాపు అతుక్కి బాబాయి చెప్పిన ఖర్చు, వాటిలో ఒక్క కోటు ఖరీదు కంటే తక్కువ.