నీళ్ల బిల్లు చదవకుండానే అర్థం చేసుకోవడం ఎలా?

నీళ్ల బిల్లు చేతికి రాగానే నాలుగు మడతలు పెట్టి గోడ క్యాలెండరు వెనకాల దోపెయ్యాలి. నిడదవోలులో ఈ విద్య చాలామందికి ఎవరూ నేర్పకుండానే వచ్చు కాబట్టి దాని గురించి పెద్దగా చెప్పను. పొరపాటున కళ్లజోడు అందుబాటులో ఉండి చదివేశారే అనుకోండి, అప్పుడు ఈ సలహాలు పనికొస్తాయి.

అన్నిటికన్నా అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూడండి. దాని పైన పాత బకాయి, ఇప్పటి డిమాండు అని విడివిడిగా గళ్లుంటాయి. వాటి జోలికి వెళ్తే పోట్లాటకి పనికొచ్చే కోపం కాస్తా చల్లారిపోతుంది. మూడేళ్ల బకాయిని ఒక్క నెల వాడకం కింద లెక్కేసుకుని, "ఇంట్లో ఉన్నది నలుగురం, ఇన్ని నీళ్లు ఎప్పుడు తాగామండీ?" అని అరుగు మీద నిలబడి అడగండి. మనలాంటి చిన్న పట్టణాల్లో ఇంటి కుళాయికి మామూలుగా మీటరుండదనీ, నెలకింతని ఒకటే చార్జీ కాబట్టి బిందెడు పట్టినా గాబు నింపినా అంతేననీ ఎవరైనా అంటే, ఆయన మున్సిపాలిటీ మనిషని తేల్చెయ్యండి.

రెండో వాదన ఇంకా గట్టిది. 1965 నాటి మున్సిపాలిటీల చట్టంలో ఇంటి పన్ను కిందే నీటికీ, డ్రైనేజీకీ, వీధి దీపాలకీ వాటాలు రాశారు. అది పట్టుకోండి. "ఇంటి పన్నులో నీళ్లకి కట్టాను, మళ్లీ కుళాయి చార్జీ ఏమిటి?" ఇంటి పన్ను కుళాయి లేని ఇంటికీ ఉంటుంది, చార్జీ మాత్రం కనెక్షన్ ఉన్నవాళ్లకే అన్న జవాబు వచ్చేలోపు కౌంటరు దగ్గర్నుంచి వచ్చెయ్యాలి. అన్నట్టు, ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్ నెలాఖరులోపు కట్టేవాళ్లకి 5 శాతం తగ్గింపు ఇస్తారు. అలాంటి ప్రలోభాలకి లొంగకండి. ఆలస్యమైతే నెలకి 2 శాతం వడ్డీ పడుతుంది, ఎప్పటికైనా మాఫీ చేస్తారని కూర్చోవడంలో ఉన్న థ్రిల్లు ఆ 5 శాతంలో లేదు.

సమిశ్రగూడెం వైపు ఓ రెండెకరాల వరి ఉన్నవారికి మరో సౌకర్యం ఉంది. నీటి తీరువా కట్టిన రసీదు తీసుకెళ్లి మున్సిపల్ ఆఫీసులో చూపించండి. తీరువా రెవెన్యూ వాళ్లది, పొలానికి పారిన నీటికి. కుళాయి చార్జీ మున్సిపాలిటీది. అయితే ఏం, రెండూ గోదావరి నీళ్లేగా! గోదావరి దేవుడిచ్చింది, 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసింది కాటన్ దొర, మధ్యలో మున్సిపాలిటీ ఎవరని గద్దించండి. నీళ్లు విజ్జేశ్వరం లాకులు దాటి కాలువలో పల్లానికి వాటంతటవే వస్తాయి, నిజమే. ఓవర్‌హెడ్ ట్యాంకు మీదికి మాత్రం వాటంతటవి ఎక్కవు, మోటార్లు ఎక్కించాలి. పటిక వేసి తేర్చాలి, క్లోరిన్ కలపాలి, పగిలిన పైపు తవ్వి బాగుచెయ్యాలి. చార్జీ వెళ్లేది ఆ కరెంటుకీ, ఆ మందులకీ, ఆ కూలికీ. ఇదంతా మీకు తెలిసినట్టు మొహంలో కనిపించనివ్వకండి.

దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు కదా, ఆ రోజుల చార్జీ మీ అంతట మీరే కోసేసుకోండి. కాలువ ఎండినన్నాళ్లూ చెరువులో ముందే నింపిపెట్టుకున్న నీళ్లు తోడి ఇస్తారు గానీ, చెరువు మనకి కనబడదుగా.

ఎలాగూ చార్జీ మారదు కాబట్టి తెలివైనవాడు కుళాయి పైపుకే మోటారు బిగిస్తాడు. వీధిలో మిగతావాళ్లకి ధార సన్నబడుతుంది, అది వాళ్ల ఖర్మ. పక్కన మురుగుకాలువలో నానుతున్న పైపుకి ఎక్కడైనా జాయింటు వదులైతే, మోటారు లాగుడుకి ఆ మురుగు కూడా లోపలికొస్తుంది. అదనంగా వచ్చిన దానికి అదనపు చార్జీ వెయ్యరు!

ఇక మీటరు చదవడం. దీనికోసం హైదరాబాదులో మీ అబ్బాయి ఇంటికి వెళ్లాలి. అక్కడ 2021 జనవరిలో మొదలైన పథకం కింద ఇంటికి నెలకి 20 కిలోలీటర్లు ఉచితం. మీటరు ముఖం మీద నల్ల అంకెలు, వాటి పక్కన ఎర్ర అంకెలు ఉంటాయి. నల్లవి కిలోలీటర్లు, ఒక్కొక్కటీ 1,000 లీటర్లు. ఎర్రవి అందులో ముక్కలు. మీరు తేడా చూడకుండా ఏకబిగిన చదవండి. నల్లగా 431, ఎర్రగా 275 ఉంటే 4,31,275 కిలోలీటర్లని కేకెయ్యండి, అబ్బాయి ఆ పూట స్నానం మానేస్తాడు. పోయిన నెల రీడింగు 412 కాబట్టి వాడకం 19 అనీ, నలుగురికీ తలా రోజుకి సుమారు 158 లీటర్లనీ, భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాలకి కేంద్రం చెప్పే 135 కన్నా కాస్త ఎక్కువే అయినా ఉచితం లోపలే ఉందనీ కోడలు చెబుతుంది. తీసివేత వచ్చినవాళ్లతో వాదించకండి.

అంకెల పక్కన నక్షత్రంలా ఓ చిన్న చక్రం ఉంటుంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసినా అది తిరుగుతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. మీరు మాత్రం మీటరు బాగా పనిచేస్తోందని సంతోషించి, మీటరున్న గుంట మీద బండ వేసి తులసికోట కట్టించండి. నీళ్లు వదలగానే ముందు పైపులోని గాలి తోసుకొచ్చి మీటరు కాసేపు తిరిగే మాట నిజం. దాన్ని ఆధారం చేసుకుని నెల బిల్లంతా గాలికే వచ్చిందని ఫిర్యాదు రాయండి.

చివరగా పేరు సంగతి. కుళాయి ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే అలాగే ఉండనివ్వండి. వార్డు సచివాలయం వీధి చివరే ఉందనీ, కాగితాలు పట్టుకెళ్లి అడిగితే పేరు మార్పు ఎలాగో చెబుతారనీ ఇంట్లోవాళ్లు పోరుతూనే ఉంటారు. పట్టించుకోకండి. బకాయి నోటీసు పట్టుకుని ఎవరైనా వచ్చి తాతగారిని అడిగితే, ఊళ్లో లేరండీ అని చెప్పండి. అందులో అబద్ధమేం లేదు.