బోర్లా పడటంలో స్టేట్ ఫస్ట్

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, బెజవాడలో ఐఐటీ ఫౌండేషన్ కోర్సు ఇకమీదట ఆరో తరగతి నుంచి కాదు, పురిటి మంచం మీద నుంచే మొదలవుతుంది. సిలబస్: మెడ నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం, పాకడం, నిలబడటం, నడవడం. గడువు పన్నెండు నెలలు. పరీక్ష రాసేది పసివాడు, మార్కులు పడేది తల్లికి. నెగెటివ్ మార్కింగ్ ఉంది. పేపర్లు దిద్దేవారు: అత్తగారు, అత్తగారి అక్కగారు, కింద ఫ్లాటు పిన్నిగారు, పొద్దున్నే పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి, డల్లాస్‌లో ఉన్న ఆడపడుచు. రీవాల్యుయేషన్‌కి అవకాశం లేదు.

ఇలాంటి నోటిఫికేషన్ ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. అమలు మాత్రం పకడ్బందీగా జరుగుతోంది. ర్యాంకుల ఊరు మనది. టీవీ పెడితే చాలు, "ఒకటీ, ఒకటీ, ఒకటీ, రెండూ, రెండూ" అంటూ గుక్క తిప్పుకోకుండా అరిచే ప్రకటనలు వింటూ అన్నం తిన్న తరం ఇప్పుడు అమ్మలూ నాన్నలూ అయింది. బెంజి సర్కిల్ నుంచి కానూరు దాకా పాస్‌పోర్టు ఫొటోల హోర్డింగుల నీడలోనే పెరిగారు పాపం. వాళ్ళకి బిడ్డ పుట్టగానే ముందు కనిపించేది ఆ బిడ్డ కాదు, పక్కింటివాళ్ళ బిడ్డ.

నమ్మకపోతే సూర్యారావుపేటలో ఏ పిల్లల డాక్టరు గది బయటైనా ఓ సాయంత్రం కూర్చోండి.

"మీ బాబుకెన్నో నెలండీ?"

"అయిదోదండీ. మీ పాపకి?"

"మొన్ననే నాలుగు నిండాయి. మూడో నెల్లోనే బోర్లా పడిందండీ. ఇప్పుడు మంచం మీద వదిలితే భయమే. మీవాడు?"

"పక్కకి తిరుగుతున్నాడండీ..."

"అయ్యో, ఇంకా పడలా?"

ఆ తల్లి మొహం చూడాలి. మొదటిసారి ఎంసెట్ రాసి క్వాలిఫై కానివాడి తండ్రి మొహం కూడా అంత చిన్నబోదు. ఈలోగా కాటా దగ్గర నర్సు "ఆరూ నాలుగొందలు" అని కేకేస్తుంది. హాలంతా తలెత్తి చూస్తుంది. డైపరు విప్పి తూచారా, డైపరుతోనే తూచారా అని ఓ నాయనమ్మ అభ్యంతరం లేవదీస్తుంది. అంతటితో ఆగదు: "మావాడు ఆ వయసుకి ఎనిమిది కేజీలుండేవాడమ్మా!" సదరు మావాడు పక్క కుర్చీలోనే ఉన్నాడు. నలభై దాటాయి, బొజ్జ మీద ఫైలు ఆనించుకుని బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. బరువులో అప్పుడూ ఫస్టే, ఇప్పుడూ ఫస్టే.

అసలు ఈ పరీక్షకి కటాఫ్ ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికాల్లో పిల్లల్ని వరసగా గమనించి 2006లో ఓ లెక్క తేల్చింది. ఆసరా లేకుండా కూర్చోవడానికి గడువు సుమారు 4 నెలల నుంచి 9 నెలల దాకా. ఎవరినీ పట్టుకోకుండా నడవడానికి 8 నెలలు దాటిన దగ్గర్నుంచి పదిహేడున్నర నెలల దాకా. అంటే ఎనిమిదిన్నరకి నడిచినవాడూ మామూలు పిల్లాడే, పదిహేడో నెలలో నడిచినవాడూ మామూలు పిల్లాడే. ఇంకా ఘోరం ఏంటంటే, నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద పాకనే పాకరట. సిలబస్‌లో ఓ చాప్టరు మొత్తం వదిలేసి నేరుగా లేచి నడిచేస్తారు, పైగా పాస్! ఇలాంటి పరీక్ష బెజవాడకి ఎలా నచ్చుతుంది? తొమ్మిది నెలల తేడాతో హాల్లోకి వచ్చిన ఇద్దరికీ ఒకటే ర్యాంకా? ఇంకెవరైనా అయితే ఈపాటికి కోర్టుకెళ్ళేవాళ్ళు.

కోర్టుకెళ్ళలేక వాకర్ కొంటాం. చక్రాలు, సంగీతం, ముందు ఓ ప్లాస్టిక్ చిలక. వాకర్‌తో నడక తొందరగా రాదు, ఆలస్యమైనా కావచ్చు, మెట్ల మీంచి దొర్లితే తల పగులుతుంది అని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. కెనడా 2004లో ఏకంగా అమ్మకమే నిషేధించింది. మన దగ్గర అది బారసాల గిఫ్టు.

మన అమ్మమ్మలకీ ఓ చార్టు ఉండేది, మరిచిపోయాం. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు. అందులో ఎక్కడా నెల లేదు, తేదీ లేదు. బిడ్డ ఎప్పుడు పడితే అప్పుడే పొయ్యి మీద బూరెలమూకుడో పెనమో ఎక్కేది. పళ్ళు లేని వాడి పేరు చెప్పి పళ్ళున్నవాళ్ళు తినేవాళ్ళనుకోండి, అది వేరే సంగతి. ఇప్పుడు బొబ్బట్లు స్వీటు షాపు నుంచి వస్తాయి, వీడియో మాత్రం ఫ్యామిలీ గ్రూపులోకి వెళుతుంది. తెల్లారేసరికి డల్లాస్ నుంచి జవాబు: "టమ్మీ టైమ్ చేయిస్తున్నారా వదినా?"

సరే, ఇంత క్రమశిక్షణ గల ఊరు కదా, నిజంగా తేదీ ఉన్న విషయాల్లో ఎలా ఉంటుందో చూద్దాం.

ఒకటిన్నర నెల, రెండున్నర నెల, మూడున్నర నెల. ఇవీ తేదీలంటే. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే అయిదింటికి కలిపి ఒకే సూది పెంటావలెంట్. దాంతోపాటు పోలియో, రోటా, న్యుమోనియా టీకాలు వాటి వాటి వరసలో. ఇక్కడికొచ్చేసరికి మన ఫస్ట్ ర్యాంకు కుటుంబం ఒక్కసారిగా వేదాంతంలోకి దిగుతుంది. "ఇప్పుడేం తొందరమ్మా, సూదేస్తే జ్వరమొస్తుంది, పండక్కి అవనిగడ్డ వెళ్ళాలి, వచ్చాక చూద్దాం." మొదటి డోసు పుట్టిల్లు గుడివాడలో పడుతుంది. రెండోది అత్తిల్లు బెజవాడలో. మూడోది "మీరు వేయించలేదా, మీరు వేయిస్తారనుకున్నామే" అన్న వియ్యాలవారి చర్చలో పడుతుంది. ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచి వేయక్కర్లేదు, ఆగినచోటి నుంచే కొనసాగిస్తారు. ఆ ముక్క తెలియక, తిడతారేమోనన్న భయంతో, ఆశా కార్యకర్త వీధిలోకొస్తే తలుపేసుకునే ఇళ్ళూ ఉన్నాయి.

పుట్టడానికి ముహూర్తం ఉంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు కోతలే. వాటిలో కొన్నింటికి కత్తి పట్టేది డాక్టరైనా టైము చెప్పేది పంతులుగారు. తినడానికీ ముహూర్తం ఉంది. అన్నప్రాశన మగపిల్లాడికి సరి నెలలో, ఆడపిల్లకి బేసి నెలలో. మధ్యలో మూఢం వస్తే ఆగాలి, శూన్యమాసం వస్తే ఆగాలి. ఆరు నెలలు నిండాక తల్లిపాలు ఒక్కటే చాలవు, పైతిండి మొదలెట్టాలని వైద్యశాస్త్రం అంటే, శుక్రుడు అస్తమించాడంటాడు పంచాంగకర్త. పుట్టడానికి ముహూర్తం, తినడానికి ముహూర్తం, టీకాకి మాత్రం తీరిక!

అన్నప్రాశన నాడు ఇంకో తమాషా. బిడ్డ ముందు పెన్ను, పుస్తకం, బంగారం, డబ్బు, కత్తి పరిచి వదులుతారు. ఇది కౌన్సెలింగ్ అన్నమాట. పెన్ను పట్టుకుంటే ఐఏఎస్, కత్తి పట్టుకుంటే సర్జన్. పాయసం గిన్నె వైపు వెళ్ళినవాణ్ణి కాళ్ళు పట్టి వెనక్కి లాగి మళ్ళీ పెన్ను వైపు తిప్పుతారు. ఆ గుంపులో తనకేం కావాలో తెలిసినవాడు వాడొక్కడే.

మర్నాటి నుంచి ఏం పెడతాం? అన్నపు కట్టు, పాలల్లో ముంచిన బిస్కెట్టు, ఇడ్లీ ముక్క. "గుడ్డు ఏడాదిదాకా వద్దు, వేడి." "చేప పెడితే మాటలు రావు." కొల్లేరు చేపలు లారీలకెక్కి రాష్ట్రాలు దాటుతుంటే, కృష్ణా డెల్టాలో ఎనిమిది నెలల పిల్లాడు బియ్యపు నీళ్ళు తాగుతుంటాడు. గుడ్ల ఉత్పత్తిలో దేశం మొత్తం మీద ఆంధ్రప్రదేశ్‌దే మొదటి ర్యాంకు. మనకి నిజంగా వచ్చిన ఆ ర్యాంకు మాత్రం పసివాడి పళ్ళెంలోకి రాదు. ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఇంకో అంకె: ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో 63.2 శాతానికి రక్తహీనత. ఆరో నెల దాటాక వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఇస్తుంది. "పళ్ళు నల్లబడతాయంట" అని అది ఫ్రిజ్ మీద కూర్చుంటుంది, వచ్చే రెండు మూడు పళ్ళ గౌరవార్థం.

డబ్బా పాల సంగతీ చెప్పుకోవాలి. రెండేళ్ళలోపు పిల్లల పాలపొడికీ, డబ్బా ఆహారానికీ ప్రకటనలివ్వకూడదని 1992 నాటి చట్టం, 2003 సవరణ గట్టిగా చెబుతున్నాయి. డబ్బా మీద బిడ్డ బొమ్మ కూడా వేయకూడదు. కంపెనీలకి ప్రకటనతో పనేముంది? మన చుట్టాలున్నారుగా! కుట్లు ఇంకా మానని తల్లి మంచం పక్కన నిలబడి "పాలు చాలట్లేదేమోనే, ఎలా ఏడుస్తున్నాడో చూడు, డబ్బా పట్టేయ్" అని పైసా తీసుకోకుండా ప్రచారం చేసిపెడతారు. నిజంగానే పాలు పడని తల్లులుంటారు. డాక్టరు చూసి రాస్తే అది మందుతో సమానం. కానీ ఏడ్చిన ప్రతి బిడ్డా ఆకలితోనే ఏడిస్తే మన నాయకులంతా పస్తులున్నట్టే. పైగా డబ్బా పాలకి మంచినీళ్ళు కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు జనం మేడల మీద నుంచి చేతులు చాచి అడిగింది పాలూ మంచినీళ్ళూ. గుక్కెడు నీళ్ళకే గతిలేనిచోట పొడి దేంట్లో కలుపుతాం, సీసా దేంతో కడుగుతాం? అదే ఏడాది ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కి చెందిన పబ్లిక్ ఐ సంస్థ బయటపెట్టిన ముచ్చట కూడా వినండి. సెరిలాక్ ఐరోపాలో చక్కెర కలపకుండా అమ్ముడవుతుంటే, మన దేశంలో అప్పట్లో ఒక్కో పూటకి సగటున 2.7 గ్రాముల చక్కెర కలిసి వచ్చేదట. మన పిల్లలకి నువ్వుండలు ఎవరూ చేసిపెట్టడం లేదని జాలిపడ్డారు కాబోలు.

ఇక ఇంటివైద్యం. పుట్టగానే నాలిక మీద తేనె. ఏడాదిలోపు పిల్లల్లో తేనె బొట్యులిజం అనే పక్షవాతపు జబ్బు తెచ్చే ప్రమాదం ఉంది. మాటలు గడగడా రావాలని వసకొమ్ము అరగదీసి నాకించడం. ఆ వసనే అమెరికా 1968లో ఆహారంలో కలపకుండా నిషేధించింది. వస నాకిన వాళ్ళంతా గొప్ప వక్తలైపోతే మన అసెంబ్లీకి ఈ గతి పట్టేది కాదు. కడుపునొప్పికి గ్రైప్ వాటర్. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టిన ఆ మందులో మొదట్లో ఆల్కహాల్ ఉండేది. పసివాడు హాయిగా నిద్రపోయాడంటే పోడూ మరి! కళ్ళకి కాటుక, ముక్కులో నూనె, గదినిండా సాంబ్రాణి పొగ. దగ్గొస్తే మళ్ళీ సూర్యారావుపేట.

విరేచనాలు పట్టుకుంటే? మందుల షాపుకెళ్ళి ఓఆర్ఎస్ అడిగితే, మొన్నమొన్నటిదాకా ఆ పేరు పెట్టుకున్న తీపి పానీయం చేతిలో పెట్టేవాళ్ళు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. తెలుగునేల మీద ఓ డాక్టరమ్మ సాధించిన ఈ గెలుపుకి బెజవాడలో ఒక్క ఫ్లెక్సీ కట్టినవాళ్ళు లేరు. ర్యాంకు కాదుగా.

ఇదంతా నవ్వులాట అనుకోవచ్చు. ఇక్కణ్ణుంచి కాదు. ఇంతమంది ఇన్విజిలేటర్లున్న ఊళ్ళో, నిజంగా వెనకబడ్డ బిడ్డ ఎవరి కంటా పడకుండా పోకూడదు. పోతున్నాడు. మూడు నెలలకీ మొహం చూసి నవ్వని బిడ్డ, అయిదో నెలకీ మెడ నిలపని బిడ్డ, ఏడాది నిండుతున్నా పిలిస్తే తిరిగి చూడని బిడ్డ, నేర్చుకున్నది మళ్ళీ పోగొట్టుకుంటున్న బిడ్డ. వీళ్ళని వెంటనే డాక్టరుకి చూపించాలి. అప్పటిదాకా నెలలు లెక్కపెట్టిన నోళ్ళే అప్పుడు "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకి గానీ మాటలు రాలేదు", "మోపిదేవి గుడికి వెళ్ళొద్దాం, అన్నీ సర్దుకుంటాయి" అంటాయి. మోపిదేవి వెళ్ళండి, ఎవరొద్దన్నారు? వచ్చేదారిలో చెవి పరీక్ష కూడా చేయించండి. పిల్లల్లో పుట్టులోపాలూ ఎదుగుదల లోపాలూ పసిగట్టడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచే ఉంది. కానీ ఆ గుమ్మం ఎక్కితే "వాళ్ళబ్బాయికి ఏదో తేడా అంట" అని కింద ఫ్లాటు పిన్నిగారికి తెలిసిపోతుంది. బోర్లా పడితే వీడియో పెట్టిన ఇల్లు, పడకపోతే కిటికీలు మూసేస్తుంది.

మరి పరీక్ష భారమంతా మోస్తున్న ఆ తల్లి? పథ్యం పేరుతో ఆమెకి పెట్టేది కారప్పొడి, వెల్లుల్లి, నాలుగు ముద్దల అన్నం. కూర వద్దు, పండు వద్దు, నీళ్ళు తక్కువ తాగు. పాలు మాత్రం ధారాళంగా రావాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువ గేట్లు దించేసి దివిసీమ చివరి భూములకి నీళ్ళు రాలేదేమని రైతుని దబాయించే ఇంజనీరుని ఎక్కడైనా చూశామా? ఇక్కడ ఇంటింటికీ ఒకడున్నాడు. రాత్రి ఎన్నిసార్లు లేచిందో, మూడు నెలలుగా ఎందుకు ఊరికే ఏడుస్తోందో అడిగే గడి ఆ టీకా కార్డులోనూ లేదు, చుట్టాల నోట్లోనూ లేదు.

కాబట్టి పరీక్షాధికారులకి మనవి. ఈసారి బాలింత ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు బిడ్డ బోర్లా పడిందా అని అడక్కండి. తల్లి తిన్నదా అని అడగండి, రెండు గుడ్లు ఉడకబెట్టి తీసుకెళ్ళండి. టీకా కార్డు చూపించమనండి. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా టీకా వేయించాలి, దాంతోపాటే విటమిన్ ఎ మొదటి డోసు. సర్కారు ఆసుపత్రిలో రెండూ ఉచితం. ర్యాంకు కార్డు మాత్రం ఇవ్వరు.