ఒక ఉక్కు కలం ఆత్మకథ

నేను పార్కర్ 25 కలాన్ని. మా రకం 1975లో బజారుకొచ్చింది. నా పుట్టిల్లు ఇంగ్లండులోని న్యూహేవెన్, మెట్టినిల్లు అప్పటి వరంగల్ జిల్లా కేసముద్రం. ఇంగ్లండులో డాక్టరీ చేసే మేనల్లుడు మామకు కానుకగా తెచ్చాడు. ఆ మామ ఇక్కడి అడ్తి దుకాణంలో గుమస్తా.

నాకు రూపమిచ్చింది కెన్నెత్ గ్రేంజ్. 1929లో లండన్‌లో పుట్టారు. చిత్రకళ చదివి, సైన్యంలో యంత్రాల బొమ్మలు గీసి, 1950లలో సొంతంగా డిజైన్ ఆఫీసు తెరిచారు. 1972లో మరో నలుగురితో కలిసి పెంటాగ్రామ్ స్థాపించారు. ఒకప్పటి లండన్ వీధుల్లోని పార్కింగ్ మీటరు, కెన్‌వుడ్ వంటింటి మిక్సరు, కొడాక్ కెమెరాలు నా తోబుట్టువులే. అందరిలోకీ ఆయనకు ఎక్కువ పేరు తెచ్చింది ఇంటర్‌సిటీ 125 రైలు. రంగులు మార్చమని మాత్రమే అడిగితే, ఆయన ఎదురుగాలి ఎలా కొడుతుందో నమూనాలతో పరీక్షించి ఇంజను ముక్కునే తిరగ గీశారు. 1976 నుంచి అది గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తింది. కేసముద్రం స్టేషన్లో ఆగకుండా పోయే బండి చప్పుడు వింటే ఆ తోబుట్టువే గుర్తొస్తుంది.

నన్నూ ఆయన అంత శ్రద్ధగానే చేశారు. నా వెనక భాగం మెట్టులా సన్నబడుతుంది. రాసేటప్పుడు మూత అక్కడ తొడిగితే ఒంటితో సమంగా కూర్చుంటుంది. చేతికి అంచు తగలదు.

గుమస్తాగారికి నా విలువ తెలుసు. పొద్దున్నే బ్రిల్ సిరా నింపేవారు, పాత పంచె గుడ్డతో పాళీ తుడిచేవారు. మిర్చి ఎన్ని బస్తాలు, పసుపు ఎంత తూగింది, హమాలీ ఎంత పోయింది, రైతు చేతికి ఎంత రావాలి, అన్నీ చిట్టాలో నేనే రాశాను. నా అంకె తప్పితే ఒక రైతు ఏడాది కష్టం తప్పినట్టే. ఆ పని నాకు గర్వం.

ఆయన పోయాక నన్ను పలకరించినవాళ్లు లేరు. సిరా లోపలే గడ్డకట్టింది. నా పాళీతో ఒకరు డబ్బా మూత లేపారు, కొన వంగింది. తర్వాత లంగాలో బొందు దూర్చడానికి వాడారు. మూత ఎటుపోయిందో ఎవరూ వెతకలేదు. ఇప్పుడు తాళాలు లేని తాళంచెవులు, అయిపోయిన సెల్లులు, పాత కరెంటు బిల్లుల మధ్య సొరుగులో పడి ఉన్నాను. మొన్న ఇల్లు సర్దుతూ, "ఈ చెత్తంతా పాత సామానోనికి ఎయ్యి" అన్నారు. ఆ మాట విన్నాను. చిట్టాలు రాసిన నన్ను చెత్త అనడం కన్నా సొరుగులో చీకటే నయమనిపించింది.

గ్రేంజ్ 2024 జులైలో, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన రైలు నలభై ఏళ్లు దాటినా పట్టాల మీద తిరిగిందంటే, కడిగి, బాగుచేసి నడిపినవాళ్లు ఉన్నారు కాబట్టే. నాకూ కావలసింది అదే. మీ ఇంటి సొరుగులో నాలాంటి కలం ఉంటే పారేయకండి. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పాళీ సరిచేయించి, సిరా పోసి చూడండి.