తన్నిన ద్రాక్ష

మా ఆఫీసులోని ఫ్రెంచి పెద్దాయన భోజనానికి పిలిచి, "ఇవాళ మదిరాఁ తాగుదాం" అన్నప్పుడు, ఈయనకి సంస్కృతం ఎప్పుడు వచ్చిందా అని కంగారుపడ్డాను. ఈ తులూజ్‌లో విమానాల పని మీద వచ్చిన తెలుగువాళ్లం ఉన్నాం కదా, ఎవడో కొంటె కుర్రాడు నేర్పుంటాడనుకున్నా. తీరా చూస్తే అది ఊరి పేరు! తులూజ్‌కి పడమరగా, పిరనీస్ కొండల వైపు ఉంటుందట. 1948 నుంచి ఆ చుట్టుపక్కల చేసే ఎర్ర వైన్‌కి చట్టప్రకారం ఆ ఊరి పేరే. మన ఖమ్మం జిల్లా మధిరకి ఈ సంగతి తెలిస్తే ఎంత కుళ్లుకుంటుందో!

అందులో పడే ద్రాక్ష పేరు తన్నా. హెచ్చరిక పేరులోనే ఉంది, నాకే బుర్రకెక్కలేదు.

గ్లాసులో పోశాడు. నేరేడుపళ్లు తిన్న పిల్లాడి చొక్కా మీద మరక రంగు. ఒక్క గుక్క తాగానో లేదో, నాలుక వెళ్లి అంగిటికి అతుక్కుంది. పిందె జామకాయ, దోర నేరేడు, పచ్చి వక్క మూడూ కలిపి నమిలినట్టుంది. బుగ్గలు లోపలికి ముడుచుకుపోయాయి. పెద్దాయన మాత్రం గ్లాసు తిప్పుతూ "తోలు... పొగ... కాదు, ఇంకేదో..." అని మాట కోసం వెతుక్కుంటున్నాడు.

"వగరు" అన్నాను, నాలుక ఊడదీసుకుని.

అదొక రుచి అనీ, మేం ఏటా ఉగాదికి మామిడిముక్కతో పద్ధతిగా తింటామనీ చెప్పాను. ఆయన కాగితం తీసి రాసుకున్నాడు. పదేళ్ల ఉద్యోగంలో నేనన్న మాట ఒకరు రాసుకోవడం అదే మొదటిసారి.

ద్రాక్ష తొక్కలో, గింజల్లో ఉండే టానిన్లు నోట్లోని ఉమ్మి ప్రొటీన్లని పట్టుకుని, ఆ జారుడు కాస్తా లాగేస్తాయి. అందుకే మంచినీళ్లు తాగితే లాభం లేదు; కొవ్వూ ప్రొటీనూ పడాలి. పెద్దాయన బాతు తొడ వడ్డించాడు. ఉప్పు పట్టించి, బాతు కొవ్వులోనే సన్నసెగ మీద గంటలకొద్దీ మగ్గించి, ఆ కొవ్వులోనే మునిగేట్టు జాడీలో దాస్తారట. నెలల తరబడి నిలవుంటుందట. జాడీలో ముక్క మీద వేలెడు నూనె తేలాలని మా అమ్మ పెట్టే పోరు గుర్తొచ్చింది. అయితే ఇది బాతు ఆవకాయే! ఒక ముక్క నమిలి, మళ్లీ గుక్కేశా. గుమ్మంలో హెడ్మాస్టరు కనబడ్డ ఎనిమిదో తరగతిలా వైన్ సద్దుమణిగిపోయింది.

ఆ తర్వాత కాసులే వచ్చింది. తెల్ల చిక్కుడుగింజలు, బాతు, పంది మాంసం, సాసేజీ మట్టిపాత్రలో ఉడికించే వంటకం. అసలు కాసులే మాదంటే మాదని కాస్తెల్నోదారి, కార్కసోన్, తులూజ్ ఊళ్లకి తెగని పేచీ. నేను ఎవరి పక్షమూ వహించలేదు, నోరు ఖాళీ లేక.

మిగిలిన వైన్ ఇంటికి తెచ్చుకుని, బుద్ధి ఊరుకోక, నాటుకోడి పులుసుతో తాగాను. గుంటూరు కారం, తన్నా ఒకరినొకరు ఎగదోసుకున్నారు. చేపల పులుసుతో అయితే ఇనపమేకు చప్పరించినట్టే. చివరికి గడ్డపెరుగన్నం నన్ను ఒడ్డున పడేసింది.

ఈ వగరుకి విరుగుడుగా పాట్రిక్ దుకుర్నో అనే మదిరాఁ రైతు 1991లో తొట్టెల్లోని వైన్‌లోకి సన్నటి ఆక్సిజన్ బుడగలు వదిలే పద్ధతి కనిపెట్టాడు. పెద్దాయనకి అదేం నచ్చదు. నాకు ఇంకో సీసా ఇస్తూ, "పదేళ్లు ముట్టుకోకు" అన్నాడు.

ఆ రాత్రి అమ్మ ఫోన్‌లో "గొంతేంట్రా అలా ఉంది?" అంది.

"ద్రాక్షరసం తాగానమ్మా. వగరు."

"పచ్చికాయలు కోసుంటారు. బియ్యంలో మాగేయకపోయావా?"

సీసా ఇప్పుడు సోనామసూరి డబ్బాలో మెడదాకా కూరుకుని ఉంది. మా ఆవిడ బియ్యం తీసినప్పుడల్లా స్టీలు గ్లాసు దానికి తగిలి టంగుమంటుంది.