బానెట్ చిన్నాయన

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఎక్కడైనా ఒక కారు బానెట్ లేపుకుని నిలబడిందంటే అయిదు నిమిషాల్లో ముగ్గురు చేరతారు. ఒకాయన రొయ్యల మేత బస్తాలు వేసుకుపోతూ బండి ఆపి, ఏమయిందని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోతాడు. రెండో ఆయన ఏమీ అడగడు. నిలబడతాడు, అంతే. మూడో ఆయన వచ్చేటప్పుడే చొక్కా చేతులు పైకి మడుస్తూ వస్తాడు. ఆయనే బానెట్ చిన్నాయన.

ఆయనకు వేరే పేరు లేకపోలేదు. రేషన్ కార్డులో ఉంది, కోర్టు వాయిదా కాగితాల్లో కూడా ఉంది. ఆ పేరుతో పిలిస్తే మాత్రం పలకడు. ఇందుకూరుపేటలో ఒక బానెట్ చిన్నాయన ఉన్నాడు, ముత్తుకూరులో ఒకడు, అల్లూరులో ఇద్దరు. అల్లూరు వాళ్లిద్దరికీ మాటల్లేవు, ఒకే కారు దగ్గర చేరి చెరో జబ్బు చెప్పినప్పటి నుంచి. ఏం చేస్తుంటావని అడిగితే ‘చెరువులు’ అంటాడు. చెరువులు చూసుకునేది తమ్ముడు. కారు ఏనాడూ కొనలేదు. ఒక పాత మోపెడ్ ఉంది. అది ఆగితే చడీచప్పుడు లేకుండా తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి పోతాడు.

పేరు బానెట్ చిన్నాయనే గానీ, వచ్చీ రాగానే బానెట్ వైపు చూడడు. బండి వెనక్కి పోయి, గొంతుకూర్చుని, సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుంటాడు. నాడి చూసే ఆచారి కూడా అంత నిష్ఠగా ఉండడు.

“రేజ్ చెయ్యి... ఇంకా... చాలు. ఊపిరి ఆడటంల్యా దీనికి. డబ్బా పోయిందబ్బయా.”

ఆయన చెప్పే జబ్బులన్నీ తిరిగి తిరిగి ఆ డబ్బా దగ్గరికే వస్తాయి. మెకానిక్కులు దాన్ని క్యాటు అంటారు, కంపెనీ కాగితాల్లో క్యాటలిటిక్ కన్వర్టర్ అని ఉంటుంది. ఇంజను నుంచి పొగ బయటికొచ్చే గొట్టంలో లావుగా ఉబ్బినట్టుండే రేకు డబ్బా. లోపల సన్నసన్నని గదులతో పింగాణీ దిమ్మ, ఆ గదుల గోడల మీద ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత. పొగ అందులోంచి పోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడు కార్బన్ డయాక్సైడుగా మారుతుంది, కాలకుండా మిగిలిన పెట్రోలు అక్కడ కాలిపోతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు నైట్రోజన్‌గా విడిపోతాయి. డబ్బా మూడు వందల డిగ్రీల దాకా వేడెక్కితే తప్ప ఈ పని సరిగ్గా సాగదు.

అరచేతి పరీక్ష ఉత్త బూటకమని అనను. దిమ్మ కరిగో విరిగో దారికి అడ్డం పడితే పొగ వెనక్కి తంతుంది. లోపలి పొగ బయటికి పోకపోతే ఇంజనుకు కొత్త గాలి అందదు. యాక్సిలరేటర్ నేలకు ఆనించినా బండి కదలనంటుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూలుగుతుంది, పెట్రోలు తాగుతుంది, వేడెక్కుతుంది. మరీ పూడుకుపోతే స్టార్టయి, రెండు నిమిషాలుండి, ఆగిపోతుంది. చిన్నాయన చెప్పేది నూటికి ఇరవై సార్లు నిజమవుతుంది. మిగతా ఎనభై ఆయన లెక్కలోకి రావు.

ఈ విద్య ఆయనకు ఎప్పుడు అబ్బిందో చెప్పవచ్చు. 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు ఈ డబ్బా తప్పనిసరి చేశారు. దానికి సీసం లేని పెట్రోలే పొయ్యాలి. మద్రాసులో అది దొరికేది. ఆ మద్రాసు కారు పెళ్లికో కర్మాంతరానికో ఇటు వచ్చి, మన బంకులో మామూలు పెట్రోలు పట్టించుకుంటే, సీసం పోయి ఆ ఖరీదైన పూత మీద పరుచుకునేది. డబ్బా పని అంతటితో సరి. అలాంటి కారొకటి ఆగినప్పుడు పక్కనున్న ఎవరో తెలిసినాయన చెప్పిన ముక్క చిన్నాయన చెవిన పడింది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా సీసం పెట్రోలు పోయింది. చిన్నాయన నోట్లోంచి మాత్రం పోలేదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండి ఆగినా ఆయన మొదటి ప్రశ్న అదే. “యాడ పట్టించినావు? సీసం కలిపుంటారు.”

చెయ్యి అయ్యాక ముక్కు. ఇంజను అవసరానికి మించి పెట్రోలు మింగుతుంటే, అందులోని గంధకం ఈ డబ్బాలో హైడ్రోజన్ సల్ఫైడుగా మారి కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. బీఎస్-6 పెట్రోల్లో గంధకాన్ని యాభై నుంచి పది పీపీఎంకు దించాక ఈ కంపు తగ్గింది. మిగతా దేశంలో ముక్కున్నవాడెవడైనా ఈ గుర్తు పట్టగలడు. మా కోస్తాలో కష్టం. రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల చెరువులు. మేత మిగిలి, అడుగున నల్లమట్టి చేరి, గాలి అందకపోతే అక్కడ పుట్టేదీ అదే వాయువు, అదే కంపు. ఏరియేటర్లు రాత్రింబగళ్లు తిరిగేది కొంత అందుకే. అంచేత చిన్నాయన కారు వాసన చూసి చెరువు చెడిందన్న రోజులున్నాయి, చెరువు వాసనకు కారు డబ్బా మార్పించిన రోజులూ ఉన్నాయి. ఒకసారి చుట్టాల కారులో మైపాడు పోతుంటే కంపు మొదలైంది. చిన్నాయన కిటికీలోంచి తల బయటపెట్టి ఎవరి చెరువు, ఎన్ని రోజుల పంట అని లెక్కలు కడుతున్నాడు. వెనక సీట్లోంచి చిన్నమ్మ, “అద్దాలు ఎక్కిస్తే వాసన తగ్గాల గదా, పెరగతా ఉండాదేందబ్బా?” అంది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో జరిగిన సరైన పరీక్ష అదొక్కటే. ఆమెను ఎవరూ బానెట్ చిన్నమ్మ అనలేదు.

పరీక్షలు ఎన్ని చేసినా ఆయన దగ్గర మందు ఒకటే: హైవే ఎక్కి కావలి దాకా ఆపకుండా, గేరు తక్కువలో పెట్టి తొక్కమంటాడు. ఈ మందు ఆయనకు ఎంత పేరు తెచ్చిందో అంత చెడ్డపేరూ తెచ్చింది. పేరు తెచ్చింది ఒక రొయ్యల రైతు డీజిల్ బండి. రోజూ ఇంటి నుంచి చెరువుకు, చెరువు నుంచి ఇంటికి, మెల్లగా, ఇంజను వేడెక్కకముందే ఆపేసే తోలకం. బీఎస్-6 డీజిల్ బండికి క్యాటుతోపాటు మసి పట్టే ఫిల్టరు కూడా ఉంటుంది. అందులో మసి పేరుకుని డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది. చిన్నాయన కావలి మందు రాశాడు. ఆపకుండా తోలితే పొగ వేడికి ఆ మసి కాలిపోతుంది, కాలిపోయింది, లైటు ఆరిపోయింది. రైతు చేపల పులుసు పెట్టి, అరిటాకు ముందు కూర్చోబెట్టి, చిన్నాయనను డాక్టరుగారన్నాడు.

ఆ పులుసు రుచి నోట్లో ఉండగానే ఒక పంతులుగారి పెట్రోలు కారు వచ్చింది. జెర్కులు కొడుతోంది. నాలుగు సిలిండర్లలో ఒకదానికి ఇగ్నిషన్ కాయిల్ పోయింది, నిప్పురవ్వ పడటం లేదు. అదే మందు. అక్కడ కాలని పెట్రోలంతా తిన్నగా డబ్బాలోకి పోయి, ఎర్రగా కాగుతున్న దిమ్మలో మండింది. కోవూరు దాకా బాగానే ఉంది. కొడవలూరు దాటేసరికి దిమ్మ కరిగి ముద్దయింది. కావలి చూడకుండానే సారు తాడు కట్టించుకుని వెనక్కొచ్చాడు. కాయిల్ అయితే వేలల్లో పోయేది, డబ్బా పదివేలల్లోకి దిగింది. చిన్నాయన గొంతుకూర్చుని, చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, “నేను చెప్పలా సారూ, డబ్బా పోయిందని?” అన్నాడు.

ఇక్కడే నాకు ఆయనతో పేచీ. డబ్బా తనంతట తాను చావడం అరుదు. పైన ఇంజను రవ్వ తప్పినా, ఆయిలు తాగి మసి పట్టించినా, బాగా కాగిన బండిని తీసుకుపోయి వాన నీళ్ల గుంటలో దించినా అది పోతుంది. ఆటోనగర్‌లో పనితెలిసిన మెకానిక్ ముందు ప్లగ్గులు చూస్తాడు. తర్వాత డబ్బాకు ముందున్న ఆక్సిజన్ సెన్సర్‌ను ఊడదీసి ఆ బెజ్జంలోంచి పొగ పోనిస్తాడు. అప్పుడు ఇంజను హుషారయిందంటే అడ్డం కిందనే ఉన్నట్టు. రబ్బరు సుత్తితో డబ్బాను తట్టి, లోపల గలగలమంటే దిమ్మ విరిగిందంటాడు. స్కానర్ పెడితే పి0420 అని కోడ్ రావచ్చు. ఆ అంకె చూసి చిన్నాయన ఒకసారి నిజంగా జడిశాడు. “బండి మీద ఫోర్ ట్వంటీ కేసుండాది, ఎవరి దగ్గర కొన్నావు?” అని ఓనర్ని పక్కకు పిలిచి అడిగాడు. 2024 జులైలో కొత్త చట్టం వచ్చి మోసానికి 420 పోయి 318 అయింది, కార్ల మీద మాత్రం ఆ సెక్షన్ ఇంకా నడుస్తూనే ఉంది.

హైవే మందుకు లొంగని కేసుల్లో చిన్నాయన ఆపరేషన్ చెబుతాడు. డబ్బా కోసి, దిమ్మ పగలగొట్టి, గుల్ల చేయించి మళ్లీ అతికించమంటాడు. బండి గర్జిస్తుంది, లైటు ఆరదు, పొల్యూషన్ పరీక్షలో రీడింగు చూసినవాడు కళ్లజోడు తుడుచుకుంటాడు. రెండేళ్ల కిందట రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దగ్గర, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె అని జనం మార్చుకుంటుంటే, అలా గుల్ల చేయించుకున్న ఒకాయన చేతిలో రొట్టెతో తిరుగుతూ పికప్ రొట్టె ఎక్కడిస్తారని అడిగాడట. నవ్వించడానికి అడిగాడో నిజంగానే అడిగాడో చెప్పినవాళ్లకే తెలియదు.

గుల్ల చేసినప్పుడు రాలిన పెంకుల్ని చిన్నాయన కాలితో పక్కకు నెడతాడు. “మట్టి” అంటాడు. ఆయన ఎక్కడుంటే అక్కడికి ఒక పాత ఇనుము వ్యాపారి టీ తాగడానికి వస్తుంటాడు. మాట్లాడడు. టీ డబ్బులు చిన్నాయనవి కూడా ఇస్తాడు. పోతూపోతూ ఆ పెంకుల్ని సంచిలోకి ఎత్తుకుంటాడు. 2021లో రోడియం బంగారానికి పది రెట్లకు పైగా పలికిందని చిన్నాయనకు ఎవరూ చెప్పలేదు. ఆ వ్యాపారి ఈ మధ్య మిద్దె మీద మిద్దె లేపాడు. “మట్టి ఏరుకుని బతికేవాడు, పాపం,” అని చిన్నాయన ఆయన్ను వెనకేసుకొస్తుంటాడు.

పోయిన సంక్రాంతికి అల్లుడు కొత్త కారులో దిగాడు. చిన్నాయన అలవాటు ప్రకారం వెనక్కి పోయి గొంతుకూర్చున్నాడు. చెయ్యి అటు పెట్టాడు, ఇటు పెట్టాడు. వంగి, ఆఖరికి పంచె మట్టి కాకుండా సర్దుకుని బోర్లా పడుకుని బండి కిందికి చూశాడు. గొట్టం లేదు. డబ్బా లేదు. అల్లుడు నవ్వుతూ ఇది బ్యాటరీ కారు, దీనికి పొగే రాదు మామయ్యా, అన్నాడు. చిన్నాయన లేచి, చేతులు దులుపుకుని, చిన్నమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

“పిల్లకు చెప్పు. దీంట్లో దూరాబారం పోవద్దని. ఊపిరి బయటికి పొయ్యేదానికి దారే పెట్టలా.”