తీగకూ ఒక దిక్కు

బాణం గుర్తు లేని కేబుల్‌తో ఎలక్ట్రిక్ గిటార్ వాయించడం ఇక మీదట అనాచారం కిందికి వస్తుందని అందరూ గ్రహించాలి. తొడుగు మీద గిటార్ నుంచి యాంప్లిఫయర్ వైపు చూస్తూ అచ్చొత్తిన ఆ చిన్న బాణాన్ని లెక్కచేయకుండా, తల ఏదో తోక ఏదో చూసుకోకుండా, చేతికందిన కొసను గిటార్‌లో గుచ్చి ఇన్నేళ్లూ వాయించినవారి పాపం ఏ పుష్కరంలో మునిగితే పోతుందో పెట్టె మీద రాయలేదు. గుమ్మానికి తూర్పు, బావికి ఈశాన్యం, వంటింటికి ఆగ్నేయం ఉన్న దేశంలో మూడు మీటర్ల రాగి తీగ మాత్రం ఇంతకాలం దిక్కులేనిదై పడి ఉండగా, అమ్మకందారులు దయతలచి దానికీ ఒక దిక్కు చూపించారు.

ఈ వాస్తుకు చిక్కు ఒక్కటే. గిటార్ తంత్రుల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ తల వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన సాధనం. ఉక్కు తంత్రి దాని ఎదుట కంపించినప్పుడు అందులో పుట్టేది ఏకాంతర విద్యుత్తు, అనగా క్షణక్షణమూ దిశ మార్చుకుంటూ ముందుకూ వెనక్కూ ఊగే ప్రవాహం. అన్నిటికన్నా లావు తంత్రిని మీటితే అది సెకనుకు 82 సార్లు బాణం వెంట పోయి, 82 సార్లు బాణానికి ఎదురు వస్తుంది. అంటే వాయిస్తున్నంత సేపూ సగం కాలం సిగ్నల్ రాంగ్ రూట్‌లోనే ఉంటుంది గనుక, కేబుల్ మధ్యలో ఒక కానిస్టేబుల్‌ను నిలబెట్టి చలానా రాయించడం తప్ప బాణం పరువు దక్కించే మార్గం కనిపించదు.

దీనికి సమాధానంగా స్ఫటికాల సిద్ధాంతం వినిపిస్తారు. రాగిని అచ్చు రంధ్రాల గుండా లాగి తీగ తీసేటప్పుడు అందులోని స్ఫటికాలు ఒక వైపుకు వాలుతాయనీ, సిగ్నల్ ఆ వాలు వెంబడి పోతేనే స్వరం తేటపడుతుందనీ దాని సారాంశం. అయితే గిటార్ లోపలి పికప్‌లో చుట్టిన తీగ విప్పి పరిస్తే సుమారు కిలోమీటరు పొడవుంటుంది. దాన్నీ అచ్చుల గుండా లాగే తయారు చేశారు. దాని మీద బాణం వేసినవాడు లేడు. కిలోమీటరు పొడవునా దిక్కు తెలియక తిరిగిన సిగ్నల్‌కు చివరి మూడు మీటర్లలో జ్ఞానోదయం అవుతుందన్నమాట.

బాణానికి అర్థమున్న సందర్భం ఒకటి లేకపోలేదు. లోపల రెండు తీగలుండి, వాటిని కప్పిన షీల్డ్, అంటే బయటి విద్యుత్ గోలను అడ్డుకునే లోహపు వల, ఒక్క కొసన మాత్రమే అతికి ఉండే కేబుళ్లలో ఆ కొస ఏదో చెప్పడానికి గుర్తు కావాలి. మామూలు గిటార్ కేబుల్‌లో ఉండేది ఒకే తీగ, దాని చుట్టూ షీల్డ్, ఆ షీల్డే సిగ్నల్‌కు తిరుగు దారి. అందువల్ల అది రెండు కొసలా అతికి ఉండక తప్పదు, ఏ కొసను ఎటు గుచ్చినా ఒకటే.

వంద గంటలు వాయించాక కేబుల్ గొంతు విచ్చుకుంటుందట. ఆ వంద గంటల్లో విచ్చుకునేవి వాయించేవాడి వేళ్లు. పిన్ మీది బంగారు పూతకు చిలుం పట్టని మాట నిజమే గాని, విద్యుత్తును మోయడంలో బంగారం రాగికన్నా ఒక మెట్టు కిందే. ఇక ఆక్సిజన్ లేని రాగి సంగతికొస్తే, విద్యుత్ పనులకు వాడే మామూలు రాగి 99.9 శాతం శుద్ధమైనదే. కేబుల్ నిరోధం ఒక ఓమ్ అటో ఇటో ఉండగా, యాంప్లిఫయర్ ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా పది లక్షల ఓమ్‌లు, కనుక ఆ ఓమ్ తేడా లెక్కలోకే రాదు. 2007లో మహిమల గుట్టు రట్టు చేసే ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ 7,250 డాలర్ల స్పీకర్ కేబుల్‌ను చెవితో మాత్రమే గుర్తుపట్టి చూపినవారికి పది లక్షల డాలర్లు ఇస్తానని సవాలు విసిరితే, ఆ సొమ్ము ఎవరికీ ఇవ్వవలసిన అవసరం రాలేదు.

డబ్బున్నవాడి ముచ్చటైతే ఇంతటితో నవ్వి ఊరుకోవచ్చు. కాని చర్చి క్వయర్‌లోనో పెళ్లి ఆర్కెస్ట్రాలోనో వాయించి, వచ్చిన నాలుగు రూపాయలు కూడబెట్టుకున్న కుర్రవాడికి, నీ స్వరం బాగుండకపోవడానికి నీ కేబులే కారణమని నమ్మించి, గిటార్ ఖరీదులో సగం తీగకు పెట్టించడం వ్యాపారం కాదు, మోసం. అంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఏమంటే, స్వరాన్ని నిజంగా మార్చే అంకె ఒకటుంది. పెట్టె నిండా స్ఫటికాల కథలు అచ్చొత్తేవారికి ఆ అంకె వేయడానికి మాత్రం చోటు దొరకదు. ఆ అంకె పేరు కెపాసిటెన్స్: లోపలి తీగా షీల్డూ పక్కపక్కన ఉండటం వల్ల కేబుల్ తనలో కొంత విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణం. అది సుమారు మీటరుకు 70 నుంచి 150 పికోఫారడ్ల దాకా ఉంటుంది, కేబుల్ పొడవు పెరిగిన కొద్దీ పెరుగుతుంది, పికప్‌తో కలిసి పై స్వరాలకు కత్తెర వేస్తుంది. ఒక మోస్తరు సింగిల్ కాయిల్ పికప్‌కు మీటరుకు 100 పికోఫారడ్ల కేబుల్ మూడు మీటర్లు తగిలిస్తే స్వరానికి మెరుపునిచ్చే శిఖరం 5,000 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది, పది మీటర్లు తగిలిస్తే 3,000కు దిగుతుంది. ఇది చెవికి తెలిసే తేడా. అలాగని మెరుపు తగ్గడం ప్రతిసారీ దోషమూ కాదు: జిమీ హెండ్రిక్స్ వాడిన స్ప్రింగులాంటి చుట్టల కేబుల్ పై స్వరాలను బాగానే మింగేది, ఈనాటి కొన్ని వైర్‌లెస్ పరికరాలలో, అసలు లేని కేబుల్ తాలూకు మందగొడితనాన్ని కృత్రిమంగా కలిపే మీట కూడా ఉంది. బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ పికప్ ఉన్నవారికి ఈ లెక్కంతా దాదాపు అనవసరం.

కొనేవారు అడగవలసినవి వేరు. సందులు లేకుండా దట్టంగా అల్లిన షీల్డ్ ఉందా, లేకపోతే సీరియల్ లైట్ల పక్కన 50 హెర్ట్‌జ్ హమ్ పాటకన్నా ముందు వినిపిస్తుంది. తొక్కినప్పుడు టపటపమనకుండా షీల్డ్ కింద విద్యుత్తును కొద్దిగా ప్రవహింపనిచ్చే ప్లాస్టిక్ పొర ఉందా. పిన్ మర విప్పి చూడటానికి వీలుందా, లేక లోపలి అతుకు కనపడకుండా ప్లాస్టిక్‌తో పోతపోశారా. కొట్టులో మల్టీమీటర్ పెట్టి, తీగను పిన్ దగ్గర అటూ ఇటూ వంచుతూ బీప్ తెగకుండా మోగుతుందో లేదో వింటే అసలు పరీక్ష అయిపోయినట్టే.

ఎందుకంటే గిటార్ కేబుళ్లు పాడయ్యేది ఎక్కువగా పిన్ దగ్గరే, టంకం ఊడి. దాన్ని తిరిగి అతికించడానికి సోల్డరింగ్ ఐరన్, జానెడు లెడ్, పది నిమిషాల సమయం చాలు. ఆ పది నిమిషాల్లో బాణం ఎటు చూస్తోందో చూడవలసిన పని లేదు.